గంజి వద్దన్న పిల్ల కథ

ఆ కథ నాకు మొదటిసారి మా మేనత్త నోట వినబడింది. అప్పుడు నాకు పదిహేడో పద్దెనిమిదో ఉంటాయి. యాభైల చివర, మా అన్నకు సంబంధాలు చూస్తున్న ఏడాది. మేం తాడిపత్రిలో ఉండేవాళ్లం. నాయన నాపరాతి గనిలో బండలు తీసే పని చేసేవాడు. అన్న కూడా ఆయన వెంటే పోయేవాడు. అమ్మ పొద్దున్నే చేలల్లో కూలికి పోయి ఎండ ముదిరేసరికి ఇంటికొచ్చేది. నేను ఇంట్లో ఉండేదాన్ని. ఐదేళ్లప్పుడు వచ్చిన జ్వరం తగ్గింది గానీ, దానితో పాటు పడిపోయిన నా కాళ్లు మళ్లీ లేవలేదు. ఇంటి నేలంతా బండలే. నున్నగా ఉండేవి కాబట్టి చేతులు ఆనించి జరుగుతూ పొయ్యి దగ్గరికి, గడప దగ్గరికి, దొడ్లోకి పోగలిగేదాన్ని. వీధి మాత్రం నాది కాదు. వీధిలోకి పోవాలంటే ఎవరో ఒకరు నన్ను వీపు మీద ఎక్కించుకోవాలి.

మా మేనత్త నాయనకు అక్క. మొగుడు పోయి చాలా ఏళ్లయింది. నల్లమాడ దగ్గర ఒక పల్లెలో ఒంటరిగా ఉండేది. ఏటా చెనక్కాయ కోతలు అయ్యాక వచ్చి పది రోజులుండి పోయేది. ఆ ఏడు మాత్రం ఎండాకాలం నడిమధ్య వచ్చింది. ఎందుకొచ్చావని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. నా అనుమానం అక్కడ మొదలైంది.

ఆమె రావడానికి మూడు వారాల ముందు పిల్లనిచ్చేవాళ్లు మా ఇల్లు చూసి పోయారు. పిల్ల తండ్రి నన్ను చూశాడు. కాసేపు మంచినీళ్ల చెంబు చేతిలో పట్టుకుని, మీ తర్వాత ఈ పాప ఎవరి దగ్గర ఉంటుందని నాయనను అడిగాడు. అన్న దగ్గరే ఉంటుందని నాయన చెప్పాడు. ఆయన తలాడించి, కబురు చేస్తామని లేచాడు. కబురు రాలేదు. అన్న నాతో ఏమీ అనలేదు గానీ, గని నుంచి వచ్చాక ఇదివరకటిలా నా పక్కన కూర్చుని తినడం మానేసి గడపలో కూర్చుని తినడం మొదలుపెట్టాడు. గాలి వస్తుందని కూర్చున్నాడేమో. నేను మాత్రం అలా అనుకోలేదు.

మేనత్త వచ్చిన రెండో రోజు సాయంత్రం నేను కొర్రల్లో రాళ్లు ఏరుతున్నాను. అమ్మ పొయ్యి దగ్గర ఉంది. నాయన, అన్న కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చున్నారు. మేనత్త ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టింది. వాళ్ల పక్క పల్లెలో, ఐదారేళ్ల కిందటి పెద్ద కరువులో జరిగిన సంగతి. తండ్రి లేని ఇల్లు. తల్లి, ఇద్దరు చిన్న మగపిల్లలు, కాళ్లూ చేతులూ పడిపోయిన ఒక ఆడపిల్ల. పెద్ద ఊర్లో గంజి కేంద్రం పెట్టారు. తల్లి రోజూ ఆ పిల్లను వీపున కట్టుకుని అక్కడికి మోసుకుపోయేది. ఒకనాడు ఆ పిల్ల, నన్ను ఇంక మోయద్దమ్మా, నా గంజి తమ్ముళ్లకు పొయ్యి అనిందట. అన్నాక మళ్లీ నోరు తెరవలేదట. మూడోనాడు పోయిందట. ఆమె పోయిన చోట ఇప్పుడు రాయి నిలబెట్టి పసుపు పూస్తున్నారట, శుక్రవారం దీపాలు పెడుతున్నారట.

"అట్లాంటి బిడ్డను కన్న కడుపు చల్లగుండాల," అనింది మేనత్త. "ఇంటికి బరువు కాకుండా తనంతట తానే దావ చూసుకునింది."

అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాయన బీడీ వెలిగించుకున్నాడు. అన్న నేల వైపు చూస్తూ కూర్చున్నాడు. నా వైపు ఎవరూ చూడలేదు. ఒక కుంటిపిల్ల కథ చెప్పుకుంటూ ఎదురుగా కూర్చున్న కుంటిపిల్ల వైపు నలుగురిలో ఒక్కరి చూపైనా పోలేదంటే, నలుగురూ పట్టుబట్టి చూపు తిప్పుకుని ఉండాలి. నేను కొర్రల్లో రాళ్లు ఏరుతూనే ఉన్నాను.

తర్వాత పది రోజుల్లో ఆ కథ మా ఇంట్లో ఇంకో మూడుసార్లు విన్నాను. పక్కింటి ఆడవాళ్లు వచ్చినప్పుడు ఒకసారి. నూనె తెచ్చే ఆమెకు ఒకసారి. అమ్మతో మాటల్లో ఇంకోసారి. నేను లోపల ఉంటే మేనత్త గొంతు కొంచెం పెద్దదవుతున్నట్టు నాకు తోచేది. నేను ప్రతి మాటా పట్టి పెట్టుకున్నాను. మొదట మూడు రోజులన్నది తర్వాత ఐదు రోజులయింది. పక్కింటి వాళ్లకు చెప్పినప్పుడు తొమ్మిది రోజులు. ఒకసారి ఆ పిల్ల నవ్వుతూ పోయింది. ఒకసారి రెండు చేతులూ జోడించి ఊరందరికీ దండం పెట్టి పోయింది.

అప్పుడు నేను గది లోపల నుంచే అడిగాను. "అత్తా, చేతులు గూడా పడిపోయినాయంటివే. దండం ఎట్ల పెట్టింది?"

 పక్కింటి ఆమె పొయ్యి మీద పప్పు ఉందని లేచిపోయింది. మేనత్త లోపలికొచ్చి, దేవుడు శక్తి ఇచ్చినప్పుడు ఇట్లాంటివి అడగకూడదని మెల్లగా చెప్పింది.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. నేను రెండు రోజులు అన్నం వద్దన్నాను. చావాలని కాదు. వద్దంటే ఎవరు ఏమంటారో చూడాలని. ఇప్పుడు తలచుకుంటే మొండితనం అనిపిస్తుంది గానీ, ఆ ఇంట్లో నిజం తెలుసుకోవడానికి నా దగ్గర వేరే ఉపాయం లేదు. మొదటి పూట వద్దంటే ఎండకు అయ్యుంటుందని అమ్మ మజ్జిగ ఇచ్చింది. రెండో పూట నాయన నా నుదురు పట్టి చూశాడు. అన్న ఏమీ అడగలేదు. మేనత్త నా కంచం వైపు చూసింది, నా వైపు చూసింది, తన కంచంలోకి చూసుకుని తిన్నది. మర్నాడు కూడా వద్దనేసరికి అమ్మ సంగటి ముద్ద చేత్తో పట్టుకుని వచ్చి నా ముందు కూర్చుంది.

"యాడ నేర్చుకున్యావే ఇది?" అని అడిగింది.   నా దవడలు పట్టుకుని ముద్ద నోట్లోకి తోసింది. ఊరుబిండి పచ్చడి కారానికి నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. ఆమెకు కూడా వచ్చాయి. ముద్ద మింగేదాకా నా దవడ వదల్లేదు. ఆ రోజు నుంచి అమ్మ మీద నాకు అనుమానం పోయింది. మిగతా వాళ్ల మీద పోలేదు.

తర్వాత నేనే అడిగాను, ఆ రాయి దగ్గరికి పోయి దండం పెట్టుకోవాలని. మేనత్త ముఖం వెలిగిపోయింది. నాయన వెంటనే సరే అన్నాడు. పన్నెండేళ్లలో నాయన నన్ను ఆసుపత్రికి తప్ప ఎక్కడికీ తీసుకుపోలేదు. గని పని మానుకుని మూడు రోజులు పోవడానికి ఒక్క మాటకే ఒప్పుకోవడం నాకు నచ్చలేదు. పోయే రోజు అమ్మ మూట కడుతుంటే చూశాను. నాకు మూడే చీరలుండేవి. ఒకటి కట్టుకున్నాను, మిగతా రెండూ మూటలో పెట్టింది. వెనక్కి రావలసిన మనిషికి ఉన్న బట్టలన్నీ ఎందుకు? అడిగితే, బస్సులో ఏమన్నా అయితే మార్చుకోవద్దా అన్నది. సగం నమ్మాను.

అనంతపురం దాకా ఒక బస్సు, అక్కడ నుంచి కదిరి దిక్కు పోయే బస్సు. దిగాక మేనత్త వాళ్ల పల్లెకు ఎద్దుల బండి. ప్రయాణమంతా మేనత్త ముందు కూర్చుని దారిలో కనబడే గుట్టల పేర్లు చెప్పింది. నేను నాయన ముఖమే చూస్తూ వచ్చాను. ఆయన ఎక్కువగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు అసలే మాట్లాడలేదు. రెండు పక్కలా ఎర్రటి బీడు భూములు, చెరువుల్లో పగుళ్లు. నన్ను మేనత్త ఇంట్లో వదిలేసి పోతారా, అట్లయితే నేనేం చేయాలి అని ఆలోచించాను. ఆ ఇంటి నేల బండలు కాదు, మట్టి అని మాత్రం తెలుసు. మట్టి మీద జరగడం కష్టం. ఆ భయంలో అంతకు మించి ఏమీ తోచలేదు.

మర్నాడు పొద్దున నాయన నన్ను వీపు మీద ఎక్కించుకుని పక్క పల్లెకు నడిచాడు. కోసు దూరం. మేనత్త టెంకాయ, అగరుబత్తులు పట్టుకుని ముందు నడిచింది. ఊరి బయట గుడిసె పడిపోయిన చోట రాయి నిలబెట్టి ఉంది. మోకాలెత్తు కూడా లేదు. పసుపు పూసి కుంకుమ పెట్టారు. ముందు ఎండిన పూలు, నూనె జిడ్డు పట్టిన మట్టి ప్రమిదలు. ఇద్దరు ఆడవాళ్లు రాయి చుట్టూ ఊడుస్తున్నారు. వాళ్లు నన్ను చూసి చీపుర్లు ఆపారు. ఒకామె దగ్గరికొచ్చి నా తల నిమిరింది. ఎంత మంచిగా నిమిరిందో, నాకు అంత భయమేసింది.

ఆ పాప తల్లి ఉందా అని అడిగాను.

"ఉండాది. ఈడికి రాదులే," అనింది ఆమె.

ఎందుకు రాదని అడిగితే, మతి సరిగ్గా లేదని ఇద్దరూ ఒకేసారి అన్నారు. అక్కడికి పోయే పని లేదని మేనత్త కూడా అన్నది. పోవాలని నేను పట్టుబట్టాను. నాయన కాసేపు నిలబడి, ఇల్లు యాడ అని ఆ ఆడవాళ్లనే అడిగి అటు నడిచాడు. ఆ ఒక్క నడకకు ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ఆ తల్లి చిన్న కొట్టం ముందు నీడలో కూర్చుని విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తోంది. యాభై ఏళ్లు ఉంటాయేమో. మమ్మల్ని చూడగానే ఎవరని అడగలేదు. "దించప్పా, దించు. నడుము పట్టేసింటాది," అని లేచి చాప తెచ్చి పరిచింది. నన్ను దించేటప్పుడు ఒక చెయ్యి నా నడుముకు, ఇంకొకటి మోకాళ్ల కిందికి పోనిచ్చింది. కాళ్లు పడిపోయిన మనిషిని ఎలా పట్టుకోవాలో తెలిసిన చేతులు. ఇంట్లో వాళ్లకు తప్ప ఎవరికీ తెలియని పద్ధతి అది.

మీరు టెంకాయ కొట్టుకుని రండి, నేను ఇక్కడ ఉంటానని నాయనకూ మేనత్తకూ చెప్పాను. మేనత్త కదల్లేదు. నాయన ఆమెను పిలుచుకుపోయాడు.

నేను కూడా కాయలు ఒలవడం మొదలుపెట్టాను.  తర్వాత నేనే అడిగాను. "మీ పాప గంజి వద్దనిందంట గదా పెద్దమ్మా."

ఆమె చేతిలోని కాయ ఒలవకుండా పట్టుకుంది. "ఎవురు చెప్పినారు?"

"అందరూ."

"అందరూ చెప్తారు. నన్ను అడిగినోళ్లు ల్యా. నువ్వే అడిగింది."

ఆ తర్వాత ఆమె చెప్పింది. ఏడవలేదు. మధ్యమధ్యలో ఆగి కాయలు ఒలిచేది, మళ్లీ చెప్పేది. ఆ పిల్లకు పదకొండేళ్లు. కాళ్లు మాత్రమే పడిపోయాయి. చేతులు చక్కగా ఉండేవట. ఈ కాయలు నాకంటే బిరీన ఒలుస్తాండె అని చూపించింది. తమ్ముళ్లకు తల దువ్వేది, రొట్టె తట్టేది. గంజి కేంద్రంలో ఒక పద్ధతి ఉండేది. వచ్చిన వాళ్లకే పోస్తారు. వరసలో కూర్చుని అక్కడే తాగాలి, ఇంటికి తీసుకుపోకూడదు. మోసం జరగకుండా పెట్టిన పద్ధతట. నడవలేని పిల్లకు ఎట్లా అని ఎవరూ ఆలోచించలేదు. అందుకని ఈమె రోజూ పిల్లను చీరతో వీపున కట్టుకుని పోయేది.

ఒకనాడు కరువు పనిలో రోడ్డుకు కంకర కొడుతుంటే రాయి కాలి మీద పడింది. పాదం వాచింది. మర్నాడు పొద్దున బయలుదేరబోతుంటే పిల్ల చూసింది.

"ఏమనిందో నా చెవుల్లో ఉండాది పాపా," అనింది ఆ తల్లి. "ఈ పొద్దుకు నన్ను మోయద్దులేమ్మా, నీ కాలు వాసిండాది, రేపు పోదాం అనింది. అంతే. ఈ పొద్దుకు అనింది. రేపు పోదాం అనింది. ఆ రెండు మాటలూ తీసేసి మిగిలింది చెప్తాండారు వీళ్లు."

ఆ రోజు కుంటుకుంటూ ఇద్దరు కొడుకులతో పోయింది. తన వాటాలో కొంత చిన్న చెంబులో పోసుకుని కొంగు కింద పెట్టుకుంది. కేంద్రం వాకిలి దగ్గర నిలబడ్డ మనిషి చూశాడు. చెంబు లాక్కుని పారబోశాడు. రెండోనాడు ఆమె కాలు నేల మీద పెట్టలేకపోయింది. కొడుకులనే పంపింది. ఆ సాయంత్రం పిల్లకు జ్వరం, భేదులు. మూడోనాడు తెల్లవారి నీళ్లడిగింది. నీళ్లు తాగింది. ఎండ వాకిట్లోకి వచ్చేసరికి పోయింది.

మధ్యాహ్నానికి జీపులో ఒక ఆఫీసరు వచ్చాడు. ఆకలితో పోయిందా అని అడిగాడు. ఊరి పెద్దమనిషి ఆయనకు ఎదురుపోయి, లేదు సార్, ఆ పాపే వద్దనింది, తమ్ముళ్ల కోసరం మానేసింది అని చెప్పాడు. చెప్పి ఈ తల్లి వైపు తిరిగాడు. ఆకలి చావు అని రాస్తే గొడవ అవుతుంది, కేంద్రం ఎత్తేస్తారు అని అంతకు ముందే ఆమెకు చెప్పి ఉంచాడు. ఇంట్లో ఇంకా ఇద్దరు పిల్లలున్నారు.

"నేను తలకాయ ఊపితి. ఆ ఊపిందే కథ అయిపాయ. నెల తిరక్కుండానే ఆయప్ప పెండ్లాం వచ్చి కుంకుమ పెట్టిపాయ."

నేను ఆమెను కూడా అనుమానించాను. నిజం చెప్పాలంటే ఆ వయసులో నేను ఎవరినీ వదల్లేదు. తన తప్పు కాస్త తగ్గించుకోవడానికి ఈమె ఇలా చెబుతోందేమో, ఆ పాదం అంతగా వాచిందో లేదో అనుకున్నాను. నా మనసులో మాట ముఖంలో కనబడిందో ఏమో తెలియదు. ఆమె తనే అన్నది.

"రెండోనాడు లెయ్యాలంటే లేసేదాన్నేమో. నొప్పి ఉండె. లేసేదాన్నేమో."

అది విన్నాక నమ్మాను. తనను తాను కాపాడుకోవాలనుకునే మనిషి ఆ మాట చెప్పదు.

ఆమె ఒలిచిన గింజలు చాటలోకి తోసి నన్ను తేరిపార చూసింది. నిన్ను ఇక్కడికి ఎందుకు తీసుకొచ్చారని అడిగింది. నేనే వస్తానన్నానని చెప్పాను.

"నువ్వు వస్తానంటే తెచ్చినారా, నువ్వు వస్తాననేదాకా ఎవరన్నా చెప్తా వచ్చినారా?"

 ఇన్ని రోజులు నేను పడిన అనుమానం ఆమె ఒక్క చూపులో పట్టేసింది. నాయన తిరిగొచ్చినప్పుడు ఆమె లేచి నిలబడింది. మేనత్త చేతిలో టెంకాయ చిప్పలున్నాయి. ఆమె వాటి వైపు చూడలేదు.

"అప్పా," అనింది నాయనతో, "దండం పెట్టించనీకి తెచ్చింటే ఈ పాపను తీసకపో. నా బిడ్డ ఎవరికీ దావ చూపియ్యల్య. దానికి బతకాలని ఉన్నింది."

నాయన తల వంచుకున్నాడు. మేనత్త గొణుగుతూ వెనక్కి తిరిగింది. ఆ తల్లి నన్ను నాయన వీపు మీదికి ఎక్కించింది, నా చీర కుచ్చిళ్లు సరిచేసింది.

దారిలో ఒక గుండురాయి దగ్గర నాయన నన్ను దించి చెమట తుడుచుకున్నాడు. మేనత్త ముందు పోయింది. అప్పుడు అడిగాను. అత్తను పిలిపించి ఈ కథ చెప్పించింది నువ్వేనా అని.  ఆయన జేబులోంచి బీడీ తీసి మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు.

"నేను చెప్పమన్ల్యా," అన్నాడు. "చెప్పద్దని గూడా అన్ల్యా."

నేను చూస్తూనే ఉన్నాను. ఆయన ఇంకా చెప్పాడు. "నువ్వు సావాలని ఎన్నడూ అనుకోల్య. సంబంధం వాళ్లు పోయిన్నాడు మాత్రం, నువ్వు లేకుంటే ఎట్లుంటాదో అని ఒకసారి అనుకున్యా. ఒకసారే."

ఈ మాట విన్నందుకు ఏడవాలో, దాచకుండా చెప్పినందుకు సంతోషించాలో నాకు తెలియలేదు. ఏడవలేదు. కోపం వచ్చింది. అయితే కోపం వచ్చిందని లేచి వెళ్లిపోవడానికి నాకు కాళ్లు లేవు. కోపంతోనే ఆయన వీపు మీద ఎక్కాను. ఆయన మెడ చుట్టూ చేతులు వేశాను. 

ఆ పూటే మేనత్తకు ఆ తల్లి చెప్పిందంతా చెప్పాను. ఆమె నమ్మలేదు. మతి చెడిన మనిషి మాటలు పట్టుకుంటావా అన్నది. రాయి దగ్గర మొక్కుకుంటే ఎవరికి పిల్లలు పుట్టారో, ఎవరి బావిలో నీళ్లు పడ్డాయో చెప్పుకొచ్చింది. కానీ తర్వాత ఎన్నడూ మా ఇంట్లో ఆ కథ ఎత్తలేదు. నాకు మాత్రం ఆమె మీద కోపం చాలా రోజులు పోలేదు. మర్నాడు నాయన నన్ను ఇంటికి తీసుకొచ్చాక అమ్మతో గట్టిగా అన్నాను, నన్ను పంపించడానికే ఎండాకాలంలో వచ్చిందని.

అమ్మ నా నోరు మూసింది. "ఇంట్లో గింజ ల్యాక వచ్చినాది. మూడు నెల్లాయ ఆయమ్మ ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగక. అడిగితే సిగ్గుపడతాదని ఎవరమూ అడగల్య."

నాకు ఆ మాట ముందే తెలిసి ఉంటే బాగుండేది. తెలిసినా నమ్మేదాన్నో లేదో. మా ఇంట్లో ఊరికే తినడం ఇష్టంలేక, వచ్చినవాళ్లందరికీ తన దగ్గరున్న మంచి కథ చెబుతూ పోయిందేమో. నేనున్నానన్న గమనింపు లేకుండా చెప్పిందా, ఉన్నాను కాబట్టే చెప్పిందా అనేది ఇప్పటికీ తేల్చుకోలేదు. రెండూ కొంచెం కొంచెం అయి ఉండవచ్చు.

అన్నకు మరుసటి ఏడు వేరే సంబంధం కుదిరింది. వదిన గుంతకల్లు పిల్ల. రైల్వేలో కళాసీ కూతురు. నేను ఉన్న సంగతి పెళ్లికి ముందే చెప్పారట. మొదటి ఏడాదంతా ఆమె పెట్టిన ప్రతి కంచాన్నీ నేను అమ్మ కంచంతో పోల్చి చూసుకున్నాను. ఆమెకు అది తెలిసిపోయింది. ఒకనాడు కంచం నా ముందు పెట్టి, "నామీద నీకు అనుమానమని తెల్సు. ఉండనీ. తిను, చల్లారతాది," అని పనిలోకి పోయింది. తర్వాత తన పుట్టింటి నుంచి చేత్తో తిప్పే పాత కుట్టుమిషను తెప్పించింది. కాళ్లతో పని లేని మిషను. దాని మీద నేను రవికలు కుట్టడం నేర్చుకున్నాను. వదిన మంచిదో కాదో అన్న ఆలోచన నాకు ఎప్పుడు ఆగిపోయిందో గుర్తులేదు. పిల్లలు పుట్టి, ఇంట్లో గోల పెరిగి, ఇద్దరం ఒకరినొకరం తిట్టుకోవడం అలవాటయ్యాక ఆగిపోయి ఉంటుంది.

అరవైల నడిమిలో మళ్లీ వానలు లేని ఏళ్లు వచ్చాయి. ఆ రాయి చుట్టూ గోడ కట్టారని, పైన రేకులు వేశారని విన్నాను. కథ కూడా పెరిగింది. పిల్ల గంజి వద్దన్న రోజునే ఆ ఊర్లో వాన పడిందని ఒకామె నాతోనే చెప్పింది. రవిక కొలతలిస్తూ చెప్పింది. నేను ఆమెకు తల్లి చెప్పింది చెప్పాను. ఆమె నా కాళ్ల వైపు చూసి, నీకు అట్లా అనిపించడం సహజమేలే అని లేచింది. ఇంకొందరికి కూడా చెప్పాను. చాలామంది వినలేదు. బతకాలని ఉన్న పిల్ల ఒక వాచిన పాదం వల్ల, ఒక పారబోసిన చెంబు వల్ల పోయిందంటే వినడానికి ఎవరికీ బాగుండదు. తనంతట తాను పోయిందంటే ఎవరి తప్పూ ఉండదు, పైగా దండం పెట్టుకోవచ్చు.

ఒక వేసవిలో సంచిలో రవిక గుడ్డ పెట్టుకుని ఒక ఆడమనిషి వచ్చింది. పక్క పల్లె నుంచి నడిచి వచ్చిందట. చంకలో ఆరేళ్ల ఆడపిల్ల. కాళ్లు సన్నగా వేలాడుతున్నాయి. చూడగానే నాకు తెలిసింది. శుక్రవారానికి కొత్త రవిక కావాలని, నల్లమాడ దిక్కున ఉన్న ఆ రాయి దగ్గరికి పోతున్నామని చెప్పింది. ఎవరు చెప్పారు పొమ్మని అని అడిగాను. అత్తగారు అన్నది. అత్తగారు కూడా వస్తోందా అని అడిగాను. ఆమెకు పనులున్నాయి, మమ్మల్ని పంపిస్తోంది అన్నది.

పిల్లను బండ మీద దించమన్నాను. దించింది. పిల్ల బండ మీద చేతులు ఆనించి కొంచెం జరిగి చూసుకుంది. నేను కొలతలు తీస్తూ ఆ తల్లితో మొదటి నుంచి చివరి దాకా అన్నీ చెప్పాను. నీళ్లడిగి తాగిన సంగతి కూడా చెప్పాను. ఆమె ఒక్క ప్రశ్నా అడగలేదు. చెప్పడం అయ్యాక పిల్లను ఎత్తుకుని, రవిక ఎప్పటికి ఇస్తావని అడిగింది. గురువారానికి అన్నాను.

గురువారం వచ్చి రవిక తీసుకుపోయింది. ఆ రాయి దగ్గరికి పోతుందో లేదో నేను అడగలేదు. అడిగితే నిజం చెబుతుందని నమ్మకం లేదు. రెండు వారాలు ఆమె జాడ లేదు. ఆ రెండు వారాలూ వీధిలో అడుగుల చప్పుడైనప్పుడల్లా మిషను ఆపి విన్నాను. మూడో వారం ఇంకో గుడ్డతో వచ్చింది. పిల్ల చంకలోనే ఉంది. ఈసారి నేను చెప్పకముందే బండ మీద దించింది. పిల్ల చేతుల మీద జరుగుతూ మిషను దగ్గరికొచ్చి, పిడి తిప్పుతా అని అడిగింది. వేళ్లు సూది కిందికి పోకుండా ఎట్లా పట్టుకోవాలో చూపించాను.